పుట్టకముందే బోనులో

మా అడిక్‌మెట్ ఫ్లైఓవర్ ఎక్కి దిగితే ఉస్మానియా యూనివర్సిటీ. క్యాంపస్ దాటితే తార్నాక. అక్కణ్ణించి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ రోడ్డు పట్టుకుంటే సీసీఎంబీ గోడ కనపడుతుంది. ఆ గోడ వెనక ఏం జరుగుతుందో మా బస్తీలో చాలామందికి తెలీదు. తెలిసినవాళ్లకి కూడా తెలిసింది ఒక్కటే. అక్కడ 'డీఎన్ఏ' చేస్తారు. చేస్తే ఎవడు ఎవడి కొడుకో తేలిపోతుంది.

కొన్నేళ్ల కిందట ఒక రాత్రి ఇషా నమాజు అయ్యాక మా వీధి కుర్రాడొకడు తలుపు కొట్టాడు. జెద్దాలో ఏసీ మెకానిక్. కాంట్రాక్టు అయిపోయి ఇంటికొచ్చి, కొత్త వీసా కోసం ఎదురుచూస్తున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చాయ్ ముట్టలేదు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి మా చేతిలో పెట్టాడు. అతని భార్య స్కానింగు రిపోర్టు.

"భాయ్‌సాబ్, మీరు అఖ్బార్‌వాలే. పెద్ద డాక్టర్లు మీకు తెలుసు. అమ్మ చేతిలోంచి రక్తం తీసి కడుపులో ఉన్న బచ్చాకి బాప్ ఎవరో చెప్తారట కదా, బయటి దేశాల్లో. మన హైదరాబాద్‌లో అది ఎక్కడ చేస్తారు? పైసలు ఎంతైనా ఫికర్ లేదు."

అతను విమానం దిగి అప్పటికి 75 రోజులు. కాగితం మీద గర్భం 12 వారాల 3 రోజులని ఉంది. అంటే 87 రోజులు. వాళ్లమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. "హిసాబ్ నై బైఠ్రా" అంది. లెక్క కుదరడం లేదు. ఆ ఒక్క మాటతో నాలుగు రోజులుగా ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. అమ్మాయి పుట్టింటికి పోతానంటే పోనివ్వలేదు. పోతే తప్పు ఒప్పుకున్నట్టేనట.

మేం కాగితం తీసుకుని అతనికి వివరించాం. డాక్టర్లు గర్భం వయసు కట్టేది కడుపు నిలిచిన రోజు నుంచి కాదు, ఆఖరుసారి బయట చేరిన మొదటి రోజు నుంచి. బిడ్డ నిలవడం ఆ తర్వాత సుమారు రెండు వారాలకి జరుగుతుంది. 87లోంచి 14 తియ్యి. 73. నువ్వు వచ్చి 75 రోజులు. లెక్క కుదిరిందా?

అతను కాగితం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత అక్కడే గడప మీద కూలబడి ఏడ్చాడు. మా కళ్లు కూడా చెమర్చాయి. ఒక కాపురం నిలబెట్టామని ఆ రాత్రి మాకు గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వం తప్పని తెలియడానికి ఏడు నెలలు పట్టింది. ఆ సంగతి ఆఖర్న చెబుతాం. ముందు అతను అడిగిన పరీక్ష ఏమిటో చూద్దాం.

*

అది కట్టుకథ కాదు. 1997లో డెన్నిస్ లో అనే హాంకాంగ్ డాక్టరు, ఆయనతో ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసినవాళ్లు 'లాన్సెట్' పత్రికలో ఒక విషయం ప్రకటించారు. మగబిడ్డను మోస్తున్న తల్లుల రక్తరసంలో వై క్రోమోజోము తాలూకు తునకలు దొరికాయి. వై క్రోమోజోము తల్లి సొంతం కాదు. అంటే ఆ తునకలు కడుపులో బిడ్డవే. పిండానివి అంటున్నాం గాని, నిజానికి అవి ఎక్కువగా మావి నుంచి వస్తాయి. పదో వారం నాటికి తల్లి రక్తంలో కణాల బయట తేలే డీఎన్ఏలో సుమారు పదో వంతు ఇలా వచ్చినదే ఉంటుంది. కాన్పయ్యాక గంటల్లోనే అది తుడిచిపెట్టుకుపోతుంది.

తండ్రిని పట్టుకునే పద్ధతి చెప్పడానికి తేలికే. తల్లి సొంత డీఎన్ఏ తీస్తారు. అనుమానించిన మగవాడి డీఎన్ఏ తీస్తారు. జన్యువుల్లో మనిషికీ మనిషికీ తేడా ఉండే చోట్లు వేలల్లో చూస్తారు. తల్లిది కాని అక్షరం ఆమె రక్తంలో ఎక్కడ తేలుతోందో వెతుకుతారు. తల్లిది కాకపోతే అది తండ్రిదే కావాలి. ఆ అక్షరాలు ఈ మగవాడి దగ్గర ఉన్నాయా లేవా? వేల చోట్ల కలిస్తే ఇతనే. చాలాచోట్ల కలవకపోతే ఇతను కాదు. మేనరికాలున్న మనలాంటి సమాజాల్లో దీనికో చిక్కుంది. భార్యాభర్తలు దగ్గరి బంధువులైనప్పుడు ఇద్దరి అక్షరాలు చాలా చోట్ల ఒకటే అవుతాయి. అనుమానం పడినవాడు భర్తకి అన్నో తమ్ముడో అయితే తేల్చడం మరీ కష్టం. మన ఇళ్లలో అనుమానం ముందుగా పడేది మరిది మీదా, బావ మీదా కాదూ?

ఇంతకుముందు కడుపులో బిడ్డ డీఎన్ఏ కావాలంటే పొట్టలోకి సూది దింపి ఉమ్మనీరు తియ్యాలి. లేదా మావి నుంచి చిన్న ముక్క తియ్యాలి. గర్భం పోయే ప్రమాదం కొద్దిగానైనా ఉండేది. ఆ భయం అనుమానానికి ఒక అడ్డుగోడ. ఎంత కోపంలో ఉన్న మొగుడైనా సూది దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు. ఇప్పుడు చేతి నరంలోంచి ఒక చిన్న సీసాడు రక్తం చాలు. గోడ పడిపోయింది. సైన్సు తల్లికీ బిడ్డకీ ప్రమాదం తగ్గించిన మాట నిజం. అనుమానించేవాడికి దారి తేలిక చేసిన మాటా నిజమే.

మన దేశంలో ఈ పనికి చట్టం తలుపు తెరవలేదు. గర్భంలో పరీక్షలను అదుపు చేసే 1994 నాటి చట్టం, ఏయే కారణాలకు పరీక్ష చేయొచ్చో జాబితా రాసింది. క్రోమోజోముల లోపాలు, జన్యువుల వల్ల వచ్చే జీవక్రియ జబ్బులు, తలసీమియా లాంటి రక్తవ్యాధులు, లింగంతో ముడిపడ్డ జన్యువ్యాధులు, పుట్టుకతో వచ్చే అవకరాలు. తండ్రి ఎవరన్నది ఆ జాబితాలో లేదు. ఆ చట్టం ఆడపిల్లను కడుపులోనే చంపకుండా ఆపడానికి పుట్టింది. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదన్నది. చెబితే ఏం జరుగుతుందో మనకి తెలుసు గనక. 'ఎవరి బిడ్డ' అన్నది చెబితే ఏం జరుగుతుందో కూడా ఊహించడం కష్టం కాదు. ఈ పరీక్ష జవాబిచ్చేది గర్భం తీయించే గడువు ఇంకా మిగిలి ఉన్న రోజుల్లో. పుట్టిన బిడ్డ మీద అనుమానం పడితే ఆ బిడ్డ కనీసం ఏడవగలదు. చూసినవాళ్లకి జాలి కలుగుతుంది. పక్కింటామె ఎత్తుకుంటుంది. పుట్టని బిడ్డకి ఏడుపు కూడా లేదు. ముద్దాయి బోనెక్కింది. వకీలు లేడు. తీర్పు వచ్చేసింది.

*

ఈ విషయంలో మా హైదరాబాద్‌కి ప్రత్యేకమైన బాధ్యత ఉంది. దేశంలో తండ్రీబిడ్డల పంచాయితీలు డీఎన్ఏ దగ్గరికి నడిచి వచ్చింది ఈ ఊరికే. సీసీఎంబీలో లాల్జీ సింగ్ 1980ల చివర్లో డీఎన్ఏ ముద్రలు తీసే దేశీ పద్ధతి తయారుచేశారు. కేరళలో తలశ్శేరి కోర్టుకి ఒక తల్లి వచ్చింది. బిడ్డకి మనోవర్తి కావాలంది. మగవాడు ఆ బిడ్డ నాది కాదన్నాడు. రక్తం సీసీఎంబీకి వచ్చింది. బిడ్డ అతనిదే అని తేలింది. 1991లో కేరళ హైకోర్టు కూడా దాన్ని ఒప్పుకుంది. ఈ దేశంలో డీఎన్ఏ మొదట నోరు విప్పింది వదిలేసిన తల్లి పక్షాన, కాదనిపించుకున్న బిడ్డ పక్షాన. ఇది మనం గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత 1996లో సీడీఎఫ్‌డీ వచ్చింది. నారాయణ్ దత్త్ తివారీ ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా మన రాజ్‌భవన్‌లో ఉన్న రోజుల్లోనే, 2008లో, రోహిత్ శేఖర్ అనే యువకుడు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాడు. ఈయనే నా తండ్రి అన్నాడు. తివారీ ఏళ్ల తరబడి రక్తం ఇవ్వనన్నారు. చివరికి 2012 మే నెలలో, 86 ఏళ్ల వయసులో, డెహ్రాడూన్‌లోని ఇంట్లో ఆయన రక్తం తీసుకున్నారు. అది హైదరాబాద్ సీడీఎఫ్‌డీకి వచ్చింది. జులైలో కోర్టు సీలు విప్పింది. కొడుకు గెలిచాడు. 2014లో తివారీ అతన్ని కొడుకుగా ఒప్పుకున్నారు.

అదే 2014లో సుప్రీంకోర్టులో ఇంకో కేసు. మహారాష్ట్రలో ఒక భర్త, ఈ ఆడపిల్ల నాది కాదు, మనోవర్తి ఇవ్వను అన్నాడు. నాగపూర్ లేబొరేటరీ అతను తండ్రి కాదంది. మళ్లీ చూడమంటే హైదరాబాద్‌లోని సెంట్రల్ ఫోరెన్సిక్ లేబొరేటరీ కూడా అదే చెప్పింది. నిజం కళ్లెదుట ఉన్నప్పుడు చట్టం ఊహను పట్టుకు వేళ్లాడలేమంది కోర్టు. పిల్లకి మనోవర్తి పోయింది.

ఒకే ఊరు. ఒకే రకం యంత్రాలు. ఒకరికి తండ్రిని తెచ్చిచ్చాయి. ఒకరికి తండ్రిని తీసేశాయి. యంత్రానికి నీతి లేదు. ప్రశ్న ఎవరు అడుగుతున్నారు, ఎవరి నుంచి ఏం తీసుకోవడానికి అడుగుతున్నారు అన్నదాంట్లోనే నీతి ఉంది.

మా తెలంగాణ నుంచే వెళ్లిన ఒక కేసు 2022 నవంబరులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ముస్లిం కుటుంబం. భార్య కట్నం వేధింపుల కేసు పెట్టింది. భర్త తరఫు బంధువుతో బలవంతంగా కాపురం చేయించారని ఆరోపించింది. దాన్ని రుజువు చేయడానికి తన ఇద్దరు కూతుళ్లకి డీఎన్ఏ పరీక్ష చేయించమంది. కింది కోర్టు సరేనంది. హైకోర్టు సరేనంది. సుప్రీంకోర్టు ఆపింది. పిల్లలు ఈ కేసులో కక్షిదారులు కారు, వాళ్ల పుట్టుక ఇక్కడ తేల్చాల్సిన విషయం కాదు, పరీక్ష వాళ్లని అనుమానంలోకి, వారసత్వపు చిక్కుల్లోకి తోస్తుంది అంది. ఇక్కడ అడిగింది తల్లే. ఆమె బాధ నిజమే కావచ్చు. అయినా పిల్లల రక్తం పెద్దవాళ్ల తగువులో సాక్ష్యపు సామాను కాదు. 2023 ఫిబ్రవరిలో అదే కోర్టు మరో కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది. తన పుట్టుకను ఊరికే ప్రశ్నకు పెట్టనివ్వకుండా ఉండే హక్కు బిడ్డకి ఉంది.

*

ఇక మా మతం సంగతి. మౌల్వీసాబ్‌లు ఈ మాట చెబితే సెక్యులర్ మిత్రులు ఆశ్చర్యపోతారు గాని, చెప్పాలి.

మా ఫిఖ్‌లో బిడ్డ పడకది. అంటే వివాహ బంధంలో పుట్టిన బిడ్డ ఆ ఇంటిదే. హదీసుల్లో ఒక ఉదంతం ఉంది. మక్కా విజయమప్పుడు ఒక పిల్లవాడి గురించి తగువు వచ్చింది. జమ్ఆ అనేవాడి బాందీకి పుట్టిన పిల్లవాడు. ఉత్బా అనేవాడి సోదరుడు, వాడు మావాడి బిడ్డ అన్నాడు. జమ్ఆ కొడుకు, మా నాన్న ఇంట్లో పుట్టాడు, నా తమ్ముడు అన్నాడు. ప్రవక్త పిల్లవాడి ముఖం చూశారు. ఉత్బా పోలిక స్పష్టంగా కనిపించింది. అయినా పిల్లవాణ్ణి జమ్ఆ ఇంటికే ఇచ్చారు. తన భార్య సౌదా జమ్ఆ కూతురే. ఆ పిల్లవాడి ముందు పర్దా పాటించమని మాత్రం ఆమెకి చెప్పారు. అంటే పోలికను ఆయన చూడకపోలేదు. చూసి కూడా, ఆ పోలిక ఆధారంగా పిల్లవాణ్ణి ఇంటి నుంచి వెళ్లగొట్టలేదు.

ఇంకో ఉదంతం. ఒక ఎడారి అరబ్బు వచ్చి, నా భార్య నల్లటి బిడ్డని కన్నదని ఫిర్యాదు చేశాడు. ప్రవక్త అతని ఒంటెల రంగు అడిగారు. ఎర్రవన్నాడు. వాటిలో బూడిదరంగువి పుట్టలేదా అని అడిగారు. పుట్టాయన్నాడు. అవి ఎక్కణ్ణించి వచ్చాయి? పాత తరాల నుంచి వచ్చి ఉంటాయన్నాడు. నీ బిడ్డా అంతేనేమో అన్నారు. జన్యుశాస్త్రం పుట్టకముందు చెప్పిన జన్యుశాస్త్ర పాఠమని మా వాళ్లు మురుస్తుంటారు. మాకు అందులో పాఠం వేరుగా కనిపిస్తుంది. అనుమానంతో వచ్చినవాణ్ణి అనుమానం లేకుండా ఇంటికి పంపడం.

ఖలీఫాల కాలంలో పెళ్లయిన ఆరు నెలలకే కన్న ఒక స్త్రీని శిక్షించబోతే, హజ్రత్ అలీ ఖురాన్ వాక్యాలను కలిపి లెక్క కట్టి, గర్భానికి ఆరు నెలలు చాలన్నారు. మా అడిక్‌మెట్ అత్తగారు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది ఆడదాన్ని పట్టుకోవడానికి. హజ్రత్ అలీ లెక్కపెట్టింది ఆడదాన్ని విడిపించడానికి. లెక్క రెండు చేతుల్లోనూ ఉంది.

మగవాడు నిజంగానే బిడ్డ నాది కాదంటే ఖురాన్ లిఆన్ అనే దారి పెట్టింది. నాలుగుసార్లు ప్రమాణం చేసి, అయిదోసారి తాను అబద్ధమాడితే అల్లా శాపం తన మీద పడాలనాలి. భార్య కూడా అలాగే ప్రమాణం చేసి తన మీది నింద తోసేస్తుంది. దాంతో కాపురం తెగిపోతుంది. చూడండి, ఆడదాని ప్రమాణానికి మగవాడి ప్రమాణంతో సమానమైన బరువు. ఇక సాక్షులు లేకుండా శీలవతి మీద నింద వేసిన పరాయివాడికి ఎనభై కొరడా దెబ్బలు. ఈ సంగతి మా బస్తీలో ఎవరికి గుర్తుంది? తలాక్ గురించి మూడు మాటలు తెలిసినవాడికి కూడా ఈ ఎనభై దెబ్బల గురించి ఒక్క మాట తెలీదు.

2002 జనవరిలో మక్కాలో ఇస్లామిక్ ఫిఖ్ కౌన్సిల్ కూర్చుని డీఎన్ఏ గురించి తీర్మానం చేసింది. లిఆన్ స్థానంలో దీన్ని వాడకూడదంది. అప్పటికే స్థిరపడిన వంశాన్ని సరిచూడటానికి వాడకూడదంది. ఆస్పత్రిలో తారుమారైన పిల్లలకి, యుద్ధాల్లో తప్పిపోయిన పిల్లలకి, తల్లిదండ్రులు తెలియనివాళ్లకి వాడొచ్చంది. ఇంటిని వెతుక్కునేవాడికి వాడు. ఇంట్లో ఉన్నవాణ్ణి తరమడానికి వాడకు. మాకు అర్థమైన సారం ఇది.

ఇది మా మతం గొప్పదని చెప్పడానికి రాయలేదు. 1872 నాటి ఇంగ్లీషువాడి సాక్ష్యాల చట్టం కూడా వివాహంలో పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే అంది. భార్యాభర్తలు కలిసే వీలే లేదని తేలితే తప్ప. 2023లో వచ్చిన కొత్త సాక్ష్య చట్టం అదే మాటని 116వ సెక్షన్‌లో నిలబెట్టుకుంది. తల్లి నిజం, తండ్రి నమ్మకం అని తెలుగువాళ్లు ఎప్పుడో అన్నారు. దాన్ని ఎగతాళిగా చెబుతారు గాని, అందులో ఎగతాళి లేదు. సమాజం నమ్మకాన్ని కావాలనే ఎంచుకుంది. ఎందుకంటే నమ్మకం మీద ఇల్లు నిలుస్తుంది. రుజువు మీద కేసు నిలుస్తుంది.

*

ఇదంతా ముస్లిం అస్తిత్వం గురించిన పుస్తకంలో ఎందుకు అని అడగొచ్చు. చెబుతాం.

'ఎవరి కొడుకువి?' అన్న ప్రశ్న మాకు కొత్త కాదు. 'బాబర్ కీ ఔలాద్' అని గోడల మీద రాశారు. మైకుల్లో అరిచారు. 1992 డిసెంబరు 6కి ముందూ అరిచారు, తర్వాతా అరిచారు. తెలుగులో ఒక బూతు ఉంది. ఒక్క అబ్బకు పుట్టినవాడివైతే రా అని. ఒక మనిషిని తిట్టే తిట్టు ఒక జాతి మొత్తానికి తగిలించారు. మా తల్లుల మీద, మా తల్లుల తల్లుల మీద వేసిన నింద అది. దానికి ఎనభై కొరడా దెబ్బలు ఏ చట్టంలోనూ లేవు. అస్సాంలో పౌరుల జాబితా చేసినప్పుడు, ఎప్పుడో రాసిన జాబితాల్లో తాత పేరు చూపించి, ఆ తాతకి తామే మనవలమని కాగితాలతో రుజువు చేసుకోమన్నారు. 2019 ఆగస్టులో తుది జాబితా వచ్చేసరికి 19 లక్షలకు పైగా మనుషులు బయట ఉన్నారు. హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. అదీ ఒక రకం పితృత్వ పరీక్షే. రక్తం బదులు కాగితం.

2010లో ఒక పరిశోధన వచ్చింది. మా సీసీఎంబీ శాస్త్రజ్ఞులు కూడా అందులో ఉన్నారు. భారతీయ ముస్లింల జన్యువులు చాలావరకు చుట్టుపక్కల ఉన్న హిందువుల జన్యువులే అని, అరబ్బు, ఆఫ్రికా జాడలు కొద్దిగా మాత్రమే ఉన్నాయని తేలింది. ఆ సంగతి చదివి మేం ఎంత సంబరపడ్డామో! చూశారా, మేం ఈ మట్టివాళ్లమే అని స్నేహితులకి చెప్పుకున్నాం. రుజువు దొరికిందని వాదించాం.

ఆ సంబరం ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఒకవేళ పరీక్ష ఇంకోలా వచ్చి ఉంటే? మా రక్తంలో సగం సమర్‌కంద్‌ది, బుఖారాది అని తేలి ఉంటే? మేం ఈ మట్టివాళ్లం కాకుండా పోయేవాళ్లమా? నాలుగు వందల ఏళ్లు ఇక్కడే పుట్టి, ఇక్కడే పాతిపెట్టబడి, తెలుగులో ఏడ్చి, ఉర్దూలో జోలపాడి, ఈ బావి నీళ్లే తాగినవాడు ఒక అక్షరం తేడాతో పరాయివాడైపోతాడా? పరీక్ష మాకు అనుకూలంగా వచ్చింది గనక గెలిచామనుకున్నాం. నిజానికి ఓడిపోయాం. పరీక్ష పెట్టే హక్కు వాళ్లకుందని ఒప్పుకున్నాం.

మాలో మేం కూడా తక్కువ తినలేదు. సంబంధాలు చూసేటప్పుడు 'ఖాందాన్ కైసా హై' అన్నది మొదటి ప్రశ్న. సయ్యద్‌లం, పఠాన్‌లం, మా తాతలు అరబ్బు నుంచి వచ్చారని గుండెలు చరుచుకుంటాం. దూది ఏకేవాణ్ణి, నూర్‌బాషాని, వాడు అసలు ముసల్మానేనా అని మూతి విరుస్తాం. బయటివాళ్లు మమ్మల్ని 'పరాయి రక్తం' అంటే మండుతుంది. లోపలివాళ్లని 'మన రక్తం కాదు' అనడానికి నాలుక తడబడదు. అరబ్బు తాతని వెతికేవాడూ, బాబర్ తాతని అంటగట్టేవాడూ ఒకే దుకాణంలో సరుకు కొంటున్నారు.

తండ్రుల పేర్లతో పిలవండి అని ఖురాన్ చెప్పిన మాట నిజం. దాని వెంటే ఇంకో మాట కూడా ఉంది. తండ్రులెవరో తెలియకపోతే వాళ్లు మీ ధర్మంలో సోదరులు, మీ స్నేహితులు. ఈ రెండో సగాన్ని మేం ఎందుకు మరిచిపోయాం? తండ్రి లేకుండా పుట్టిన ఈసాని 'మర్యమ్ కొడుకు' అని గౌరవంగా పిలుచుకునే ఉమ్మత్ కదా మాది! బిడ్డని ఎత్తుకుని వచ్చిన మర్యమ్‌ని ఊరు నిలదీసినప్పుడు ఆమె వాదించలేదు. బిడ్డ వైపు చూపించింది. అంతే.

*

అయితే నిజం అక్కర్లేదా? అనుమానాన్ని ముసుగు కప్పి ఉంచాలా? కాదు. మమ్మల్ని అలా అర్థం చేసుకోవద్దు. తలశ్శేరి తల్లికి నిజం కావాలి. రోహిత్ శేఖర్‌కి నిజం కావాలి. గల్ఫ్ షేక్‌కి కొన్ని రోజుల కోసం నిఖా చేసి అమ్మేసిన పాతబస్తీ పిల్ల రేపు కడుపుతో వచ్చి, ఈ బిడ్డకి తండ్రెవరో రాయండి అంటే ఆమెకి నిజం కావాలి. మానభంగం కేసుల్లో పోయిన గర్భం నుంచి తీసిన డీఎన్ఏ ఎందరో దుర్మార్గులని పట్టిచ్చింది. అది కాదనేవాడు మనిషి కాదు.

ఇంకా కష్టమైన సంగతి ఉంది. బలాత్కారానికి గురైన ఒక పెళ్లయిన ఆడది, కడుపులో ఉన్నది భర్త బిడ్డో ఆ దుర్మార్గుడి బిడ్డో తెలుసుకుంటేనే నిర్ణయించుకోగలను అంటే? చట్టం జాబితాలో ఆమె ప్రశ్నకి చోటు లేదు. మేం ఇంతసేపు మెచ్చుకున్న అడ్డుగోడే ఆమెకి అడ్డం వస్తుంది. దీనికి మా దగ్గర తేలికైన జవాబు లేదు. ఒక్క మాట మాత్రం చెప్పగలం. తలుపు ఎప్పుడైనా తెరిస్తే ఆ తాళంచెవి ఆమె చేతిలోనే ఉండాలి. మొగుడి చేతిలో, అత్త చేతిలో, జమాత్ చేతిలో, పోలీసు చేతిలో ఉండకూడదు. రక్తం ఆమెది. ఆమె అడగకుండా ఆమె రక్తాన్ని ఎవరూ ఏమీ అడగకూడదు.

కింద ఉన్నవాడు పైవాణ్ణి అడిగితే అది హక్కు. పైవాడు కిందవాణ్ణి అడిగితే అది అధికారం. బిడ్డ తండ్రిని అడగొచ్చు. తండ్రి పుట్టని బిడ్డని అడగకూడదు. పౌరుడు ప్రభుత్వాన్ని నువ్వు నాకేమవుతావని అడగొచ్చు. ప్రభుత్వం నాలుగు తరాల పౌరుణ్ణి నీ తాత ఎవడని అడగకూడదు. సైన్సు ఒకటే. అడిగేవాడి చోటు మారితే న్యాయం మారిపోతుంది.

*

ఇప్పుడు ఆ కుర్రాడి సంగతి. ఏడు నెలలకి ఆడపిల్ల పుట్టింది. అతను అప్పటికి కొత్త వీసా మీద రియాద్ వెళ్లిపోయాడు. అఖీఖాకి మమ్మల్ని పిలిచారు. బిర్యానీ వండించారు. మనవరాలి ముక్కు అచ్చం తన కొడుకు ముక్కేనని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది. మమ్మల్ని చూసి, మీరే మా ఇల్లు నిలబెట్టారు సాబ్ అంది. మేం కూడా లోలోపల ఒప్పుకున్నాం.

ఇంటికి వచ్చాక మా ఇంటావిడ చాలాసేపు మాట్లాడలేదు. ఏమైందంటే చెప్పింది. లోపలి గదిలో ఆ అమ్మాయి పాలిస్తూ కూర్చుందట. ఖుషీగా ఉన్నావా బేటీ అని ఈమె అడిగిందట. ఆ పిల్ల తల ఎత్తకుండా అందట.

"హిసాబ్ పో యఖీన్ ఆయా ఆపా, మేరే పో నై ఆయా."

లెక్క మీద నమ్మకం కలిగింది గాని, నా మీద కలగలేదు అని.

అందుకే అంటున్నాం, ఆ రాత్రి మేం చేసింది సగం పనే. అతను గడప మీద ఏడుస్తున్నప్పుడు, 87లోంచి 14 తియ్యమనడానికి ముందు ఇంకో మాట అనాల్సింది. నీ భార్యని అడిగావా? అడిగితే ఏం చెప్పింది? ఆమె చెప్పింది చాలలేదా? ఈ మూడు ప్రశ్నలు మా నోటికి రాలేదు. లెక్క తెలుసు గనక లెక్కే చెప్పాం. లెక్క కుదరని ఆడది రేపు ఇంకెవరి భార్యగానో మా గడప ఎక్కితే మా దగ్గర ఏం ఉంది చెప్పడానికి?

ఆ పాప ఇప్పుడు మా వీధిలోనే బడికి పోతోంది. సంచీ బరువుకి ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది. కనపడితే సలాం చేస్తుంది. తను పుట్టకముందే తన మీద ఒక కేసు నడిచిందని, మా ఇంటి గడప మీద రెండు వారాల తేడాతో విడుదలైందని దానికి తెలీదు. తెలియకూడదు. కాని మాకు తెలుసు. వాళ్లమ్మకి తెలుసు.